కొయ్యపడవకు గాజుతొడుగు



నేనీ సాయంకాలము మీతో ముచ్చటింపబోవునది ఒక చిన్న పడవను గూర్చి. అది మన గోదావరిలో తిరుగు పడవ కాదు. అమెరికా దేశపు పడమటితీరమున వాషింగ్టన్ రాష్ట్రమున్నది. అచ్చట ప్యూజెట్ సౌండ్ అను సముద్రపు పాయలో అది తిరుగుచున్నది. దానిని నిర్మించినవారము నేనును, పదునాలుగేండ్ల నా మనుమరాలును. నిర్మించితిమనుటకన్న, నిర్మించి, చెడగొట్టి, మరల బాగుచేసితిమనుట సత్యమునకు దగ్గర. నా ప్రసంగమంతయు ఆ బాగుచేయుటను గూర్చియే.

నేను గోదావరి లంకలలో పుట్టినవాడను. బాల్యమున బడికి పోవుటకు ఒక పాయ దాటవలసియుండెడిది. వేసవిలో నీరు తగ్గినప్పుడు సరంగు తన పడవను ఒడ్డునకు లాగి, బోర్లించి, పలకల సందులలో ప్రత్తియు పాతనారయు దూర్చి, గుగ్గిలము నూనెలో కాచి పూయుచుండెను. ఆ పనికి ముందు అతడు ఉలిపిడితో పలక పలకను తట్టి, చెవియొగ్గి వినెడివాడు. ఏల వినుచున్నాడో ఆనాడు నాకు తెలియలేదు. డెబ్బదియవ యేట, వేలమైళ్ల దూరమున, తెలిసినది.

ముప్పది సంవత్సరములకు పైగా ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించి విశ్రమించితిని. కుమారుడు అచ్చట ఉద్యోగి గనుక ఏటేట కొన్ని నెలలు వారియింట గడపుచుందును. ఆ ప్రాంతమున చాలమంది తమ ఇంటి మోటారుకొట్టములోనే చిన్న పడవలు కట్టుకొందురు. వానిని కయాక్ అందురు. మా అమ్మాయికి అట్టిది కావలెనని కోరిక పుట్టినది. ఊరక కూర్చున్న తాతను నేనుంటిని. పని ప్రారంభమైనది.

కయాక్ ఉత్తరధ్రువ ప్రాంతపు జనులు కనిపెట్టిన పడవ. గ్రీన్లాండు మొదలు అలాస్కా దీవుల వరకు గల ఇన్యూట్, అల్యూట్ జాతులవారు నీటికి కొట్టుకొనివచ్చిన కొయ్యతోను ఎముకతోను చట్రము కట్టి, సీలు అను సముద్రజంతువు చర్మమును దానిపై బిగించి కుట్టెడివారు. పైభాగమును మూసియే యుండును. నడుమ ఒక్క మనుష్యుడు కూర్చుండుటకు మాత్రము చోటు వదలుదురు. రెండు కొనలయందును ఆకు గల తెడ్డుతో నడపుదురు. రూపము వారిదే. మేము కట్టిన విధము వేరు.

మా పడవ పొడవు పదునేడడుగులు. దానికి వాడినది ఆ ప్రాంతమున పెరుగు ఎర్ర సీడరు కొయ్య. అది మిక్కిలి తేలిక, పుచ్చుటయు తక్కువ. ముప్పాతిక అంగుళము వెడల్పు, పావు అంగుళము మందము గల సన్నని బద్దలుగా దానిని కోయుదురు. అడుగుకొకటి చొప్పున నిలిపిన పలక అచ్చులపై ఈ బద్దలను ఒకదాని ప్రక్క నొకటి చేర్చి జిగురుతో అంటింతురు. తరువాత చిత్రిక పట్టి, ఉప్పుకాగితముతో రుద్ది నునుపు చేయుదురు. అప్పటికది చూచుటకు అందముగనే యుండును గాని, మోకాలు ఆనించినను విరుగును. పావు అంగుళపు మెత్తని కొయ్యకు బలమెక్కడిది?

ఆ బలము గాజుతొడుగు వలన వచ్చును. గాజును కరగించి వెండ్రుకకన్న సన్నని నారగా తీసి, పడుగు పేకలతో బట్టగా నేయుదురు. గాజునార పరిశ్రమ అమెరికాలో 1930 తరువాత పెంపొందినది. ఆ బట్టను పడవమీద పరచి ఎపాక్సీ అను జిగురుతో తడుపుదురు. ఎపాక్సీ రెండు ద్రవముల కలయిక: ఒకటి జిగురు, రెండవది దానిని గట్టిపరచు ద్రవము. కలిపిన కొంతసేపటికి వేడెక్కి, చిక్కబడి, రాయివలె బిగియును. లోపల ఒక పొర, వెలుపల ఒక పొర, నడుమ కొయ్య. ఇప్పుడా పడవపై మనిషి కూర్చున్నను విరుగదు. తూనిక చూచిన ఇరువది కిలోగ్రాముల పైచిలుకు మాత్రమే.

ఇచ్చట ఒక రహస్యమున్నది. బలము గాజునందు మాత్రమే లేదు, కొయ్యయందును లేదు. ఆ రెండింటి పట్టునందున్నది. అడుగున రాయి తగిలినదనుకొనుడు. వెలుపలి పొర నొక్కుకొనును, లోపలి పొర సాగదీయబడును. నడుమనున్న కొయ్య ఆ రెండు పొరలను దూరముగా నిలిపి ఒక్కటిగా పనిచేయించును. పొర కొయ్యను వదలిన చోట ఈ మూడును వేరువేరై, దేని బలహీనత దానిదే యగును.

గాజుబట్ట తెల్లనిది. జిగురు బాగుగ పట్టగనే తెలుపు మాయమై, అద్దము క్రింద చూచినట్లు కొయ్య చారలు కనబడును. నూనె తగిలిన కాగితము వెలుతురు చూపునట్లే యిదియు. నారల సందులలోని గాలి తొలగి, గాజువలెనే వెలుతురును వంచు ద్రవము నిండుటయే కారణము. కావున పడవ పైని తెల్లగా మిగిలిన ప్రతి చోటును "ఇచ్చట గాలి యున్నది" అని తానే చెప్పుచుండును. వినుటకు మనము సిద్ధముగ నుండవలెను. నేనుండలేదు.

అది మే నెల, ఒక శనివారము. ఉదయమున చలిగా నుండెను. బట్ట పరచి, నేనును అమ్మాయియు చేతులకు తొడుగులు వేసికొని, ప్లాస్టిక్ పలకతో జిగురును నడుమనుండి అంచులకు లాగుచుంటిమి. పది గంటలకు ఎండ మోటారుకొట్టము తలుపు మీద పడినది. వెలుతురు కొరకు తలుపు తెరచితిని. ఎండ పడవమీద పడి కొయ్య వేడెక్కినది. కొయ్య రంధ్రములలోని గాలి వ్యాకోచించి, బయటికి దారి వెదకి, తడి బట్ట క్రింద పొక్కులుగా లేచినది. వాయువు వేడికి వ్యాకోచించునని ముప్పదియేండ్లు పిల్లలకు పాఠము చెప్పినవాడను. నా కళ్లయెదుట అది జరుగుచుండగా పోల్చుకొనలేకపోతిని.

రెండవ తప్పు అంతకన్న పెద్దది. చివరి గిన్నెలో జిగురు వేడెక్కి చిక్కబడుట నాకు తెలియుచునే యున్నది. ఖరీదైన వస్తువు, పారబోయుటకు మనసొప్పలేదు. ఆ చిక్కని జిగురునే పడవ అడుగున, సరిగా మనిషి కూర్చుండు చోటున, పులిమితిని. అది బట్టలోనికి ఇంకలేదు. మరునాడు చూచునప్పటికి అరచేయంత మేర తెల్లగా, పాలమీగడవలె నిలిచియున్నది. పైన ఇంకొక పూత పూసితిని. పైపూత మెరసినదే గాని క్రింది తెలుపు పోలేదు.

జూన్ నెలలో అమ్మాయి పుట్టినరోజున పడవను నీట దింపవలెనని ముందే నిశ్చయించియుంటిమి. బంధుమిత్రులను పిలిచితిమి. అప్పుడు నాకొక ఉపాయము తోచినది. "పడవ అడుగున నల్లరంగు పట్టీ ఒకటి వేసినచో చూడముచ్చటగ నుండునమ్మా" అంటిని.

అమ్మాయి కొంతసేపు ఊరకుండి, "ఆ తెల్లమచ్చ కనబడకుండటానికా, తాతయ్యా?" అని అడిగినది.

నేను సమాధానము చెప్పలేదు.

మా ఎదురింట ఒక వృద్ధుడున్నాడు. నలుబదియేండ్లు పడవలు కట్టుచోట పనిచేసి విశ్రమించినవాడు. అమ్మాయి ఆయనను పిలుచుకొనివచ్చినది. ఆయన జేబునుండి ఒక నాణెము తీసి పడవను ఈ కొననుండి ఆ కొనవరకు తట్టుచు పోయెను. టక్కు, టక్కు, టక్కు అని గట్టిగా పలుకుచున్న చప్పుడు ఆ తెల్లమచ్చ దగ్గరకు రాగానే మందగించి డొల్లగా పలికినది. నా చిన్ననాటి సరంగు ఒక్కసారిగ నా కళ్లయెదుట నిలిచెను. మన ఆడవారు కుండ కొనునప్పుడు వేలితో కొట్టి వినుటయు, తాపీపనివాడు గోడపూతను తట్టి చూచుటయు ఇదియే గదా!

నేను నల్లరంగు సంగతి చెప్పితిని. ఆయన నవ్వలేదు, తప్పుపట్టలేదు. "రంగు వేయుటకు నాకేమియు అభ్యంతరము లేదు. మొదట బాగుచేసి తరువాత వేయుడు. ఈ చోటనే గదా పిల్ల కూర్చుండునది?" అనెను.

ఆ మాటలోని భారము మీకు తెలియవలెనన్న ఆ నీటి సంగతి చెప్పవలెను. ప్యూజెట్ సౌండ్ నీరు వేసవిలో సైతము పెద్దభాగమున 12, 13 డిగ్రీల దరిదాపుననే యుండును. అందు పడినవాడు ఎంతటి ఈతగాడైనను, తగిన దుస్తులు లేనిచో, పది ఇరువది నిమిషములలో చేతులు కొంకరలు పోయి స్వాధీనము తప్పును. ఒడ్డున రాళ్లపై ఆల్చిప్పలు కత్తులవలె అంటుకొనియుండును. అట్టి నీటిలో, అట్టి రాళ్లమీద, డొల్లపొరకు రంగు పూసి నా మనుమరాలిని కూర్చుండబెట్టబోతిని. నీట దించుటను మూడు వారములు వెనుకకు జరిపితిమి. పిలిచినవారికందరకు మరల కబురు చేసితిమి. నాకు సిగ్గైన మాట నిజమే.

ఆయన మాకు నేర్పిన మొదటి పాఠము బాగుచేయుట కాదు, వేరుచేయుట. ఒక సీసపు పెన్సిలు అమ్మాయి చేతికిచ్చి, కనబడిన ప్రతి లోపము చుట్టును గీత గీయమనెను. పదునేడు గీతలైనవి. తరువాత ఒక్కొక్కదానికి మూడు ప్రశ్నలు వేయించెను. ఇచ్చట పొర కొయ్యను పట్టియున్నదా? నీరు లోనికి పోవునా? లేక ఇది కంటికి మాత్రమే లోపమా? ఆ విధముగ చూడగా పదునేడింటిలో పండ్రెండు కంటికి మాత్రమే లోపములు: పైపూతలోని గుండుసూది తలయంత బుడగలు, జిగురు కారి గట్టిపడిన చారలు, అంటుకొనిన ఒక దోమ. నాలుగు బొటనవ్రేలి గోరంత పొక్కులు, బట్ట క్రిందివి. ఒకటి ఆ పెద్ద డొల్ల. ఈ లెక్క తేలకముందు నా కంటికి కారినచారలే అన్నిటికన్న వికారముగ తోచినవి. నిజమైన అపాయము నున్నగా మెరయు పూత క్రింద నుండెను.

ఇక బాగుచేసిన విధము చెప్పెదను.

మొదట పడవనంతయు మంచినీటితో తడిపి, గరుకు పీచుతో తోమి, తుడిచి ఆరబెట్టితిమి. చలియు తేమయు గల దినములలో ఎపాక్సీ బిగియునప్పుడు పైన మైనమువంటి జిడ్డు పేరుకొనవచ్చును. దానిని నీటితో కడిగినచో పోవును. కడుగకముందే ఉప్పుకాగితముతో రుద్దినచో ఆ జిడ్డు గీతలలోనికి దిగి, తరువాతి పూత అంటుకొనదు. కావున కడుగుట ముందు, రుద్దుట తరువాత.

కారినచారలను ఉప్పుకాగితముతో రుద్దరాదు. కాగితము మెత్తని చోటును గట్టి చోటును సమముగ చూడదు. చార ప్రక్కనున్న మంచి పూతనుగూడ తినివేయును. పదునైన ఉక్కురేకుతో చారను మాత్రము గీకి, చివర తేలికగా రుద్దవలెను. ఈ మాట ఆయన చెప్పకముందే నేనొక చారను కాగితముతో రుద్దియుంటిని. చార పోయినది, దానితోపాటు బట్ట నేతయు తెల్లని చుక్కలుగా బయటపడినది. లోపమును దిద్దబోయి కొత్తలోపము పుట్టించితిని.

అట్టి చోట ఒక పరీక్ష యున్నది. గుడ్డను నీటిలో ముంచి ఆ తెలుపును తడిపి చూడవలెను. తడిసినంతసేపు తెలుపు మాయమైనచో అది పైనున్న నారల గరుకుదనమే. బాగుగ ఆరిన తరువాత ఒక పలుచని పూత పూసిన తీరిపోవును. తడిపినను తెలుపు నిలిచినచో గాలి లోపల చిక్కినదన్నమాట. పూతకు లొంగదు, కోయవలసినదే. నేను పాడుచేసిన చోట తెలుపు మాయమైనది. బట్ట చాలవరకు అరిగిపోయినచో మాత్రము దానిపై కొత్తముక్క వేయక తప్పదు.

గోరంత పొక్కులకు రెండు సన్నని రంధ్రములు చేసితిమి, ఈ కొన నొకటి, ఆ కొన నొకటి. వైద్యులు వాడు పిచికారివంటి దానితో ఒక రంధ్రమునుండి జిగురు ఎక్కించగా, లోపలి గాలి రెండవ రంధ్రమున బయటికి పోయి, చివరకు జిగురు తొంగిచూచినది. ఒకే రంధ్రము చేసినచో గాలికి దారిలేక జిగురు లోనికి పోదు. పైన ప్లాస్టిక్ కాగితము పరచి, ఇసుక మూట బరువు పెట్టితిమి. ఎపాక్సీ ఆ కాగితమునకు అంటదు. మరునాడు ఒలిచి నాణెముతో తట్టగా నాలుగింటిలో మూడు గట్టిగ పలికినవి. నాలుగవదానిని కోసి, ముక్క వేయవలసివచ్చినది.

ఇక పెద్ద డొల్ల. కోయుటకు నా చేయి ఆడలేదు. అరచేయంత తెల్లదనమును తీయబోయి పడవకే చిల్లి పెట్టుదునేమో యని భయము. ఆయన కత్తి నాకీయక అమ్మాయికిచ్చెను. వేడిగాలి ఊదు యంత్రముతో ఆ చోటును మెల్లగ వెచ్చచేయగా బిగిసిన జిగురు కొంత మెత్తబడును. కత్తితో తెలుపు నడుమ గాటుపెట్టి, పొరను కొంచెము కొంచెముగ ఎత్తి ఒలువవలెను. ఎంతవరకు? తనంతట తాను రానిచోట ఆగవలెను. రాని పొర మంచిపొర. అమ్మాయి ఒలుచుచు పోగా ఒకచోట పొరతోపాటు కొయ్య పేళ్లు లేచివచ్చినవి. "ఆగు, అక్కడనే మంచి పట్టు మొదలైనది" అనెను ఆయన. కొయ్య చిరిగినదేగాని పట్టు వదలలేదు. మిగిలిన చోటునంతయు ఆ విధముగనే అంటియుండవలసినది గదా యని నేననుకొంటిని.

తెరచిన చోట కొయ్యను 80 నంబరు ఉప్పుకాగితముతో రుద్ది శుభ్రపరచితిమి. పేళ్లు లేచిన గుంటలను ఎపాక్సీలో కొయ్యపొడి కలిపి నింపితిమి. చుట్టునున్న మంచిపొర అంచును రెండంగుళముల మేర ఏటవాలుగా రుద్దితిమి. ఇది ముఖ్యము. అంచు మెట్టువలె నిలువుగ నున్నచో కొత్తపొర పాతపొరను తాకునేగాని పట్టుకొనదు. ఏటవాలుగ నున్నచో ఒకదానిపై నొకటి పరుండి పట్టుకొనును. కొత్తబట్టను గుండ్రముగ, గాయముకన్న అన్నివైపుల రెండంగుళములు పెద్దదిగ కత్తిరించితిమి. మూలలు గల ముక్క మూలలవద్ద లేచుట సులభము.

ఈసారి పని సాయంకాలము చేసితిమి. పగలంతయు వెచ్చగా నున్న కొట్టము చల్లబడుచుండగా పూసినచో, కొయ్యలోని గాలి సంకోచించి జిగురును లోనికి పీల్చుకొనును. ఉదయమున నన్ను చెడగొట్టిన భౌతికశాస్త్రమే సాయంకాలమున నాకు సాయపడినది. మొదట వట్టి కొయ్యకు పలుచగ జిగురు పూసి, అది ఇంకిన చోట మరల పూసి, తరువాత బట్ట పరచి, నడుమనుండి అంచులకు మెల్లగ తడిపితిమి. జిగురు తక్కువైనచో బట్ట తెల్లబడును. ఎక్కువైనచో బట్ట కొయ్యను వదలి తేలును, తరువాత రుద్దునప్పుడు తేలిన బట్టయే అరిగిపోవును. కావున మిగులు జిగురును ప్లాస్టిక్ పలకతో తీసివేసితిమి. ఒక్కసారికి చిన్నగిన్నెడు మాత్రమే కలిపితిమి. గిన్నె చేతికి వెచ్చగ తగిలినంతనే పక్కన పెట్టితిమి. ఆ దినమున ఎంత పారబోసినను నాకు బాధ కలుగలేదు.

మరునాటికి తెల్లదనము లేదు. కొయ్యచారలు స్పష్టముగ కనబడినవి. అంచులు రుద్ది, మరి రెండుపూతలు పూసి, బిగిసిన తరువాత మరల కడిగి రుద్ది, వార్నిషు నాలుగుసారులు వేసితిమి. వార్నిషు అందమునకు మాత్రమే కాదు. ఎపాక్సీకి ఎండ శత్రువు. వెలుతురునుండి కాపాడు వార్నిషు లేనిచో కొన్ని సంవత్సరములలో పసుపెక్కి, సుద్దవలె రాలి, బట్టను వదలును. నల్లరంగు పట్టీ మాత్రము వేయలేదు. అవసరము లేకపోయినది.

ఇట్టి పని చేయుటకు ఎవరైన పూనుకొన్నచో కొన్ని జాగ్రత్తలు తప్పనివి. రెండు ద్రవముల పాళ్లు సీసాపై నున్నట్లు కొలిచియే కలుపవలెను. గట్టిపరచు ద్రవము ఎక్కువ పోసినచో త్వరగ గట్టిపడునని భ్రమింపరాదు. ఎన్నటికిని సరిగ బిగియక బంకగనే మిగులును. అట్లు మిగిలినదానిని గీకివేయుటయే మార్గము. చేతులకు తొడుగులు, రుద్దునప్పుడు ముక్కునకు నోటికి తగిన ముసుగు ఉండవలెను. ఎపాక్సీ చర్మమునకు పలుమార్లు తగిలి దద్దుర్లు పట్టినచో ఆ గుణము సామాన్యముగ జీవితాంతము విడువదు. మిగిలిన జిగురును గిన్నెలో రాశిగ ఉంచరాదు. పొగలు వచ్చునంతగా వేడెక్కును.

ఇదంతయు అమెరికా ముచ్చట యని మీరు త్రోసివేయవద్దు. మన కోస్తాలో కొయ్యదుంగల తెప్పలకు బదులు ఫైబరు పడవలు వచ్చి ఎంతోకాలమైనది. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ తరువాత అవి మరింతగ వ్యాపించినవి. వానిలో చాలభాగము ఎపాక్సీతో కాక, చవుకయైన పాలియెస్టరు జిగురుతో చేసినవి. నాణెముతో తట్టి చూచు పద్ధతి వానికిని చెల్లును. డొల్లగ పలికిన చోట లప్పము పూసి రంగు వేయక, గట్టి పొర తగులువరకు తీసి, అంచు ఏటవాలుగ రుద్ది, కొత్తపొర వేయుటయే సరియైన మార్గము. ఒక్క భేదము: పాలియెస్టరు పొరపైని ఎపాక్సీతో అతుకు వేయవచ్చును, కాని కొయ్యమీదను, బిగిసిన ఎపాక్సీ మీదను పాలియెస్టరు గట్టిగ పట్టదు. పాత కొయ్యపడవకు ఫైబరు తొడిగింపదలచినవారు ఏ జిగురు వాడుచున్నారని పనివానిని అడుగుట మంచిది. ఉప్పునీరు నానిన కొయ్యకు సామాన్యముగ జిగురు గట్టిగ అంటదు. బాగుగ ఆరనిచ్చి, పుచ్చును తీసివేసిన పిమ్మటనే తొడుగు వేయింపవలెను.

జూలై నెలలో ఒక ఆదివారమునాడు పడవను నీట దించితిమి. అమ్మాయి రక్షణచొక్కా ధరించి, మొదట మోకాటిలోతు నీటిలో, మేమందరము చేతులు చాచినంత దూరములోనే తిరిగినది. అరగంట తరువాత పడవను ఒడ్డునకు తెచ్చి లోపల చేతితో తడిమి చూచినది, పొడిగా నున్నది. తరువాత తానే పడవను బోర్లించి, నా జేబులోని నాణెము అడిగి తీసికొని, ఆ అతుకు మీద మూడుసార్లు తట్టి, చెవియొగ్గి విన్నది. ఎదురింటి వృద్ధుడు దూరమునుండి చూచుచుండెను. అది ఎట్లు పలికినదని ఆయన అడుగలేదు. ఆమె మరల నీటిలోనికి పోవుచుండగా చూచి, తన కుర్చీ మడచుకొని ఇంటికి వెళ్లిపోయెను.

ఎండ ఏటవాలుగ పడినప్పుడు ఆ అతుకు అంచు ఇప్పటికిని సన్నని వలయముగ కనబడును. దానిని ఇంకను రుద్ది మాయముచేయవచ్చును గాని, అట్లు చేసిన బట్ట పలుచనగును. ఆ వలయమును అట్లే వదలితిమి. వచ్చు సంవత్సరము నేనచ్చటికి పోయినప్పుడు మొదట చేయబోవు పని నాణెము తీసికొని దానిని తట్టి చూచుట. మీ ఊరి పడవకుగూడ ఈ ఏడు వేసవిలో ఆ పరీక్ష జరుగునని ఆశించుచు, సెలవు తీసికొనుచున్నాను.